పద్నాలుగు డబ్బాల గది

స్ట్రుమా నది ఒడ్డున పాత నూలు మిల్లులో కెపాసిటర్ల గదంటే — కరెంటు నిలవచేసే డబ్బాలుండే గదంటే — ఎవరికైనా వెన్నులో వణుకే. ముప్ఫయ్యేళ్ల కిందట, మెయిన్ దించి ఫ్యూజులు పీకేసిన గదిలో — చుక్క కరెంటు లేని గదిలో — నిచ్చెన మీదున్న స్టామెన్ అనే పనివాణ్ణి ఏదో విసిరి కింద కొట్టిందట. తల పగిలి అక్కడే పోయాడు. అప్పట్నుంచీ ఆ గదిలో కాపురం ఉంటున్నది వాడేనంటారు.

ఎలక్ట్రీషియన్ జోర్నిత్సాకి ఆ కబుర్లు పట్టవు. సొంతంగా పట్టిన మొదటి కాంట్రాక్టు. పొద్దున్నే మిల్లు నడవాలంటే పాత డబ్బాలన్నీ ఈ రాత్రే దిగాలి. పద్నాలుగు డబ్బాలు, ఒక్కోదానికి పాతిక నిమిషాలు... ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. సరిపోతుంది. బోల్టులు విప్పడానికి మిల్లు ఫిట్టరు గ్రోజ్దాన్‌ని తోడు తెచ్చుకుంది.

ముసలాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రా బాబాయ్. దెయ్యం వచ్చి పిలవాలా?"

"నవ్వు, నవ్వు. ఈ గడప తొక్కి ముప్ఫయ్యేళ్లయింది. ఇంట్లో ముసల్ది ఎదురుచూస్తుంటుంది. ఒట్టేసి చెప్పు — ఏమీ లేదుగా?"

"మీటరు మీద ఒట్టు."

మెయిన్ దించింది. ఫ్యూజులు పీకి సంచిలో వేసుకుంది. డబ్బాల తీగలు విప్పేసింది. చివర రాగి కొక్కెం, కొక్కేనికి భూమిలోకి దిగే తీగ ఉన్న ఎర్తు కర్రని, లోపల మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా, మొదటి డబ్బాకి తాకించింది.

ఫెళ్లుమంది! నీలి మెరుపు... ఆపైన నిశ్శబ్దం.

మీటరు సున్నా చూపించింది. ఉన్నది ఒక్కటే కర్ర. తీసి రెండోదానికి... మూడోదానికి... పద్నాలుగూ సున్నా.

బయటికెళ్లి వెంట తెచ్చుకున్న బానిత్సా, చల్లారిపోయిన చీజు రొట్టె, తిన్నారు. ఇరవై నిమిషాలు.

తిరిగొచ్చాక గ్రోజ్దాన్ సిలువ గుర్తు వేసుకుని నిచ్చెనెక్కాడు. రెంచీ చాచాడు...

"ఉండు, ఇంకోసారి చూస్తా." జోర్నిత్సా పక్కనే స్టూలెక్కి మీటరు పెట్టింది.

ఏడువందల నలభై.

తీగలు లేవు. ఫ్యూజులు సంచిలో ఉన్నాయి. అయినా — ఏడువందల నలభై వోల్టులు.

"బాబాయ్... చెయ్యి... చెయ్యి తియ్యి!"

రెంచీ బెత్తెడు దూరంలో ఆగింది.

"వాడేనా?" ముసలాయన పెదాలు కదిలాయి.

ఆమె రెండోది చూసింది. ఆరువందల తొంభై. మూడోది ఏడువందల పది. అప్పుడు గుర్తొచ్చింది — పాఠంలో పరీక్షకి రాదని పైపైన చూసి వదిలేసిన ఒక్క పేరా.

"వాడు కాదు బాబాయ్. లోపల నూనెలో నానిన కాగితం ఉంటుంది. కరెంటు అందులోకి ఇంకుతుంది. దుప్పటి ఎంత గట్టిగా పిండి ఆరేసినా కాసేపటికి మళ్లీ కారదూ? కర్ర పెడితే పైపైది పోయింది. తీసేశాక లోపలిది మెల్లగా ఊరింది. కర్ర తియ్యకూడదు, అంతే. దెయ్యం లేదు, ఏమీ లేదు."

హాయిగా ఊపిరి పీల్చుకుంటాడనుకుంది.

గ్రోజ్దాన్ ఒక్కో మెట్టే దిగాడు. ఆఖరి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ రోజూ ఒక్కటే కర్ర," అన్నాడు. "స్టామెన్ పైనున్నాడు. మీటరు సున్నా చూపించింది. కర్ర తీసింది... నేను."

జోర్నిత్సా స్టూలు దిగి కర్రని మళ్లీ మొదటి డబ్బాకి తగిలించింది.

"దెయ్యం చంపిందనుకుని ముప్ఫయ్యేళ్లు నిద్రపోయానమ్మాయ్..." తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు. "ఎందుకు చెప్పావు?"