ఎర్రదారం డబ్బా

దొంగతనం జరిగింది. పోయిన కాగితం మాత్రం బీరువాలోనే ఉంది.

"ఇదేం దొంగతనమండీ?" అన్నాడు డిటెక్టివ్ వెంకటకృష్ణయ్య.

1996 ఆగస్టు, సోమవారం. ఉదయం 9.15. తెనాలి స్టేషన్ రోడ్డులో వసుంధర కాఫీ హౌస్. యజమాని బసవేశ్వరరావు కాగితం బల్లమీద పరిచాడు. పీబెర్రీ అనే గుండ్రటి గింజలు నలభై పాళ్లు, మామూలు గింజలు ముప్పై, చికోరీ ముప్పై.

"నా ఫార్ములా సార్ ఇది! మొన్న శనివారం రేపల్లెలో కొత్త హోటల్ తెరిచారు. ఇదే లెక్క బోర్డుమీద రాయించి గోడకి తగిలించారు, దరిద్రులు!"

బసవేశ్వరరావు మంటకి కారణముంది. పరదేశంలో ఒక కాఫీ కంపెనీ వందల షాపులు పెట్టి, ఎక్కడ తాగినా ఒకే రుచి ఇస్తోందని నాలుగేళ్ల కిందట పత్రికలో చదివాడు. అదే పిచ్చి పట్టుకుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడు షాపులకీ ఒకే రంగు, ఒకే కప్పు. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. బోర్డుమీద 'మూడూళ్లు, ఒకటే రుచి' అని రాయించాడు. ఈ సాయంత్రం నాలుగింటికి బెంగళూరు కంపెనీవాళ్లు వస్తున్నారు. నచ్చితే రాష్ట్రమంతా ఇవే షాపులు.

"లెక్క ఎవరెవరికి తెలుసు?"

"నాకు. మా బావమరిది, మేనేజరు పున్నయ్యకి. పొడి కలిపే కృపమ్మకి. అంతే."

"అనుమానం?"

"అనుమానమేంటండీ! కృపమ్మ తమ్ముడు ఆదాము ఆ హోటల్లోనే కాఫీ మాస్టరు. ఆవిణ్ణి మిల్లు గదిలో పెట్టి గొళ్లెం వేశా. నాలుగులోపల ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పగిస్తా."

"మనిషిని గదిలో బంధించడం కూడా కేసేనండోయ్. ముందు తియ్యండి."

గొళ్లెం తీశారు. కృపమ్మ బయటికి రాలేదు.

కిటికీ లేని గది. ఉక్క. యాభై ఏళ్ల మనిషి, గింజల బస్తామీద ముడుచుకు కూర్చుంది. జుట్టునిండా కాఫీ పొడి.

"రా చెల్లెమ్మా, గాలి పీల్చుకుందువు."

"వద్దండి. బయటికొస్తే పారిపోతున్నానంటారు. నిన్న చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదండి."

గోడవారగా రేకు డబ్బాలు. ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు దారం.

"ఈ దారాలేంటి?"

"తెల్లది తెనాలికండి. నీలం బాపట్లకి. ఎర్రది రేపల్లెకి."

"ఎందుకు?"

కృపమ్మ కళ్లు దించుకుంది. "కలిసిపోకుండానండి."

"ఇంకేమైనా చెప్పాలా?"

"చెబితే ఉద్యోగం పోద్ది. చెప్పకపోతే జైలు. ఎటు తిరిగినా గోడేనండి." ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఉదయం 11.50. రేపల్లె.

కడుపులో పుండు. కాఫీ తాగితే చస్తావన్నాడు డాక్టరు. వెంకటకృష్ణయ్య డాక్టర్ని మనసులోనే క్షమాపణ అడిగి, కొత్త హోటల్ కాఫీ ఒక గుక్క తాగాడు. ఛీ! వగరు. అడుగున ఉప్పదనం.

"మొన్నట్నించీ ఇదే తిట్లండి," అన్నాడు కాఫీ మాస్టరు ఆదాము. "బోర్డుమీద లెక్క ప్రకారమే కలుపుతున్నా. ఆ రుచి రావట్లా. రేపట్నించి రావద్దంటున్నాడు మా ఓనరు."

"లెక్క ఎవరిచ్చారు?"

"ఓనరే తెచ్చాడండి. ఎక్కణ్ణించో నాకేం తెలుసు!"

"నీళ్లెక్కడివి?"

"అదిగో ఆ కుళాయివే. ఎదురుగా వసుంధర కాఫీవాళ్లూ అక్కడే పట్టుకుంటారు."

వెంకటకృష్ణయ్య రోడ్డు దాటి వసుంధరలో ఇంకో కప్పు తాగాడు. అబ్బ! ప్రాణం లేచొచ్చింది. కుళాయి దగ్గర క్యాన్ నింపుకుని కారెక్కాడు.

మధ్యాహ్నం 3.10. తెనాలి. మిల్లు గదిలో బసవేశ్వరరావు, పున్నయ్య, కృపమ్మ. వెంకటకృష్ణయ్య తెల్లదారం డబ్బాలోంచి ఒక ఫిల్టర్లోకి, ఎర్రదారం డబ్బాలోంచి ఇంకో ఫిల్టర్లోకి పొడి వేయించాడు. రెంటిలోనూ రేపల్లె నీళ్లే మరిగించి పోయించాడు. పాలూ పంచదారా సమానం.

"తాగండి బసవేశ్వరరావుగారూ."

మొదటి గ్లాసు మూతి దగ్గరే ఆగిపోయింది. "ఇదేం ఖర్మ! ఏం పొడి ఇది?"

"మీ ఫార్ములా. తెల్లదారం. ఇప్పుడు ఎర్రదారం తాగండి."

తాగాడు. ఆ రుచే. మూడూళ్ల రుచి.

"పొడి ఒకటే అయితే ఏ డబ్బా ఏ ఊరికెళ్తే ఏంటండీ? దారాలెందుకు? పొడి ఒకటి కాదు కాబట్టి! మీ కాగితం తెనాలి నీళ్లకి పనికొస్తుంది. రేపల్లె నీళ్లు వేరు, బాపట్ల నీళ్లు వేరు. కృపమ్మ ఊరూరికీ లెక్క మార్చి కలుపుతోంది. అందుకే మీకు ఒకే రుచి వస్తోంది."

"నా మాట కాదని మార్చిందా?" బసవేశ్వరరావు ముఖం కందిపోయింది.

"చూశారా? ఈ కోపానికి భయపడే నోరు మూసుకుంది. ఆవిడే అమ్మితే రేపల్లెవాడికి రేపల్లె లెక్క ఇచ్చేది. సొంత తమ్ముడి ఉద్యోగం ఊడగొట్టే లెక్క అక్క ఇస్తుందా? ఆ కాగితమే నిజమని నమ్మినవాడు ఇచ్చాడు. నమ్మినవాళ్లు ఇద్దరు. ఒకరు మీరు."

పున్నయ్య నుదుటిమీద చెమట.

"బావగారూ... బెంగళూరువాళ్లొస్తే మేనేజర్లని వాళ్లే పెట్టుకుంటారట. అప్పుడు నా గతేంటి? రేపల్లె హోటల్లో మేనేజరు పని ఇస్తామన్నారు..."

"నోరుముయ్యి. బయటికి నడు." బసవేశ్వరరావు తలుపు చూపించాడు. చేతిలో గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది. ఇంకో గుక్క తాగాడు.

3.55. బయట కారు ఆగిన చప్పుడు.

"కృపమ్మా, వాళ్లు ఫార్ములా అడుగుతారు. మూడు లెక్కలూ గబగబా రాసివ్వు!"

"రాసిస్తే రేపు నాతో పనేముంటదండి?"

బసవేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. పొద్దున ఈ గదికి గొళ్లెం వేసింది ఆ చెయ్యే. తలెత్తలేకపోయాడు.

"తప్పయిపోయిందమ్మా. నీకేం కావాలో చెప్పు."

కృపమ్మ బస్తామీంచి లేచింది. పైటకొంగుతో జుట్టులో పొడి దులుపుకుంది. తలుపు వైపు చూసింది.

"ఆ బయట గొళ్లెం పీకించండి బాబుగారూ. లోపల గడియ పెట్టించండి."