రాజు, రాణి, గుండీల డబ్బా

బయట వాన ముదిరితే చాలు, ఇప్పటికీ అతని చెయ్యి అలమరాలో గుండీల డబ్బా కోసం వెతుకుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, లైట్లు ఆరవు. అయినా ఆ అలవాటు పోలేదు.

ఆ రోజుల్లో అతను ఓ టైలరింగ్ షాపులో కట్టర్. చాక్‌ గీత పూర్తికాకముందే కత్తెర పెట్టేస్తాడని మాస్టర్ అతనికి తొందర అని పేరు పెట్టాడు. వానకు కరెంటు పోతే మిషన్లు ఆగిపోయేవి. మాస్టర్ కుర్రతనంలో ఓడల్లో దర్జీగా తిరిగి పోకర్ నేర్చుకొచ్చిన మనిషి. ఇంకేముంది, కటింగ్ బల్ల మీద పేక పడేది. పందానికి జత కలవని గుండీలు.

ఆట తెలియనివాళ్లకు చెప్పాలంటే, మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత అందరికీ కలిపి అయిదు ముక్కలు మధ్యలో తెరుస్తారు. తెరిచేకొద్దీ గుండీలు పెంచుకుంటూ పోవచ్చు, లేదా మనవి పారేసి చేతులు కట్టుకు కూర్చోవచ్చు. తొందరకు ఈ రెండోది చేతకాదు. రాజూ రాణీ వస్తే అసలే చేతకాదు.

మాస్టర్ అన్న కూతురు ఎంబ్రాయిడరీ పనిలో చేరిన రోజే వాన పట్టుకుంది. అతనికి రాజూ రాణీ పడ్డాయి. ఎదురుగా ఆ అమ్మాయి, భుజం మీంచి ముందుకు పడిన జడ. అతనికి ఒళ్లు తెలియలేదు. తన గుండీలన్నీ తోసేసి, చాలక పక్క ట్రేలోంచి మరో గుప్పెడు తీసి పెట్టాడు. మధ్యలో ఇంకో రాజు పడ్డాడు. తీరా చూస్తే ఆమె దగ్గరా ఒక రాజున్నాడు, పక్కన ఆసు ఉంది. రాజుల జత ఇద్దరికీ సమానమే, పక్క ముక్క పెద్దది కాబట్టి గెలుపు ఆమెది.

"చూడ్డానికి బాగున్నాయని ఎంతైనా పెట్టేస్తారా?" అందామె, గుండీలు ఒళ్లోకి దులుపుకుంటూ.

ఆ గుప్పెడు గుండీలు సాయంత్రం డెలివరీ ఇవ్వాల్సిన కోటువని అప్పుడు గానీ అతనికి గుర్తు రాలేదు. ఆమె ట్రే వంక, అతని మొహం వంక చూసింది. కొవ్వొత్తి వెలుగులో తనే వాటిని కోటుకు కుట్టేసింది. మాస్టర్‌కు చెప్పలేదు. కానీ వారమంతా అతను దగ్గరకొస్తే చాలు, ట్రేకి చెయ్యి అడ్డం పెట్టేది.

వారం తిరక్కుండానే అతను బయటపడ్డాడు. చూసిన మొదటి రోజు నుంచీ మీరంటే ఇష్టమన్నాడు.

"మొదటి రోజు ఏం చూశారండీ? నా కళ్లు, నా జడ. రెండు ముక్కలు. మధ్యలోవి ఒక్కటైనా తెరవకుండానే అంతా పెట్టేస్తారా?"

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. ఇక ఆ జడ వైపు చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. అటు చూడటం మానేసరికి మిగతావి కనిపించసాగాయి. టీ పడేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడదు. దారం తెగితే దారంతోనే పోట్లాడుతుంది. తప్పు తనదైతే ఒప్పుకుంటుంది గానీ, ఒప్పుకున్న వెంటనే ఎదుటివాడి మీద విసుక్కుంటుంది. ఇవన్నీ చూశాక ఇష్టం తగ్గుతుందేమో అనుకున్నాడు. తగ్గలేదు సరికదా, ఆమె రాని రోజు కత్తెర సాగేది కాదు.

వానాకాలం చివర్లో ఆమెకు సంబంధం వచ్చింది. పెద్ద ఉద్యోగం, కారు, అబ్బాయి అందగాడు. ఇంట్లో అందరూ ఊ అన్నారు. మర్నాడు ఆమె ఊ అంటే అయిపోతుంది. ఆ కబురు మాస్టర్ చెబుతుండగానే కరెంటు పోయింది.

ముక్కలు పంచారు. ఆమె తనవి పారేసింది. అతనికి రాజూ రాణీ వచ్చాయి. ఎప్పుడూ ఆచితూచి పెట్టే మాస్టర్, మధ్యలో ఒక్కటీ తెరవకముందే తన గుండీలన్నీ ముందుకు తోశాడు. తొందర చాలాసేపు చూశాడు. చివరికి తన ముక్కలు వెల్లకిలా తిప్పి పక్కన పెట్టేశాడు.

"రాజూ రాణీ పారేస్తున్నారా?" ఆమె తన కళ్లను తనే నమ్మలేకపోయింది.

"బాగానే ఉన్నాయి. కానీ మీ బాబాయిగారు ఊరికే అంత పెట్టరు."

తర్వాత అతను తన గుండీలన్నీ ఆమె ముందుకు జరిపాడు. "టీ తాగేదాకా మీరు మాట్లాడరు. దారంతో పోట్లాడతారు. తప్పు ఒప్పుకుని మరీ విసుక్కుంటారు. అన్నీ తెరిచి చూశాకే ఇవి పెడుతున్నాను. రేపు మీరేం చెప్పినా సరే, వెనక్కి తీసుకోను."

ఆమె తల వంచుకుంది. "తప్పు నాదే. ఆ అబ్బాయిని ఒక్కసారి చూశాను. బాగున్నాడని ఊ అనబోయాను." అని, వెంటనే అతని మీద విసుక్కుంది. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నారు?"

మాస్టర్ నవ్వుతూ తన ముక్కలు తిప్పాడు. రెండు, ఏడు. ఎందుకూ పనికిరానివి.

"వీడు మళ్లీ ఎగబడతాడేమో చూద్దామనుకున్నానమ్మా. ఎగబడి ఉంటే వద్దని నేనే చెప్పేవాణ్ణి. మీ నాన్నతో నేను మాట్లాడతాలే," అన్నాడు. ఆ తర్వాత అతని వైపు తిరిగి, "ఒరేయ్, కోటు గుండీల సంగతి నాకు తెలియదనుకుంటున్నావేమో," అన్నాడు.

ఇప్పుడు మాస్టర్ లేడు, ఆ షాపూ లేదు. వాన పట్టినప్పుడు, దగ్గుతూ ముక్కలు కలిపే మాస్టర్ చేతులు అతనికి గుర్తొస్తాయి. డబ్బా మూత తీస్తాడు. ఆ చప్పుడుకి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఇంకా టీ పడలేదు కాబట్టి మాట్లాడదు. ముక్కలు పంచమని చెయ్యి మాత్రం చాపుతుంది.