రెండు డైరెక్టరీల యాదయ్య

బొంబాయి కామాటిపురంలో కంప్యూటర్ మెడలు వంచిన మొదటి మొగోణ్ణి నేనే. నాలుగు వందల జంట డైరెక్టరీలను ఒక్క పూటలో, ఒక్క చేత్తో, ఒక్క తప్పు లేకుండా సాపు చేశాను. రెండో చేతిలో చాయ్ గ్లాసు ఉంది మరి.

ఇప్పుడు మీరు ఫోల్డర్ అంటారే, దాన్నే అప్పుడు డైరెక్టరీ అనేవాళ్లం. ఎనభై ఎనిమిదిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ పక్కన శంకర్రావు సేఠ్ టైపింగు దుకాణంలో ఆ పెట్టె దిగింది. సేఠ్ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చెప్పులు బయటే విప్పాలని బోర్డు కొట్టించాడు. మన పాలమూరు వాళ్ల దరఖాస్తులు, ఉత్తరాలు, బయోడేటాలు అన్నీ అందులోనే. మనిషికో డైరెక్టరీ.

పొద్దున షిఫ్టు నాది, అంటే ఈ యాదయ్యది. మధ్యాహ్నం నుంచి భూదేవిది. ఆమె పదకొండో గల్లీలోనే పుట్టి పెరిగింది. నేను మక్తల్ అవతలి నుంచి వచ్చి రెండేళ్లు. షిఫ్టు మారగానే నేను లేచిన కుర్చీని రుమాలుతో తుడిచి మరీ కూర్చునేది. ఎంత పొగరు! ఆ పొగరు చూడ్డానికి రోజూ ఐదు నిమిషాలు ఎక్కువ ఉండేవాణ్ణి.

గొడవ దుర్గయ్యతో మొదలైంది. వాచ్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. పొద్దున నా దగ్గర వయసు సరిచేయించుకుని పోయాడు. సాయంత్రం భూదేవి తీసిచ్చిన కాగితంలో పాత వయసే ఉంది.

“ఒక్క పూటల మూడేండ్లు ముసలోణ్ణి జేస్తిరి గద!” అంటూ చెప్పులతోనే లోపలికొచ్చాడు.

వెతికితే పెట్టెలో దుర్గయ్యలు ఇద్దరు తేలారు. ఎవరొచ్చినా నేను “ఏ ఊరే?” అని అడిగి ఊరి కింద డైరెక్టరీ తెరిచేవాణ్ణి. ఆమె “ఏ గల్లీ?” అని అడిగి గల్లీ కింద తెరిచేది. మనవాళ్లకు ఊరూ ఉంది, గల్లీ కూడా ఉంది. అలా కామాటిపురమంతా ఆ పెట్టెలో రెండేసి కాపురాలు పెట్టింది.

“మనిషి ఉండేది గల్లీల, ఖోలీ గదిల. ఊరు పేరు మీద పెడితె ఎట్ల?” అంది భూదేవి.

“ఖోలీ రేపు మారతది. ఊరు మారతదా?”

“నీ ఊరికి ఉత్తరం పోనీకె ఎనిమిది దినాలు. మా గల్లీకి కేకేస్తె చాలు.”

“బస్!” అన్నాడు సేఠ్. “శనివారం సాయంత్రానికి మనిషికి ఒక్కటే ఉండాలె. లేకుంటె మీ ఇద్దరిల గూడ ఒక్కరే ఉంటరు.”

శనివారం వచ్చింది. బయట ఒకటే వాన. మొదటిసారి ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో. తడిసిన ఆమె జడ నా మోచేతికి బెత్తెడు దూరంలో.

నాకు ఇంకో చిక్కుంది. మా నాయన చంద్రయ్య ఊళ్లో ఒక పిల్లను చూశాడు. పిల్ల తండ్రి కాగితం అడుగుతున్నాడు, బయోడేటా మా ఊరి లస్మయ్యతో పంపమన్నాడు. లస్మయ్య బస్సు ఆ సాయంత్రమే. టైపు చేసి వారమైంది గాని, ప్రింటు తీయడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో ఆ తుడిచిన కుర్చీని అడగండి.

ఇక్కడొక మాట సవరించుకోవాలి. ఒక్క చేత్తో చేశానన్నాను కదా, ఆ చెయ్యి భూదేవిది. తేదీలు చూసి, పాతది తుడిచి, కొత్తది ఒకచోట చేర్చిందంతా ఆమే. నేను పేర్లు చదివాను. చాయ్ గ్లాసు మాత్రం నాదే.

“యాదయ్య,” అని చదివి ఆగాను. “ఊరి దిక్కు ఒకటి నాదే. గల్లీ దిక్కు ఈ యాదయ్య ఎవడు? నీతోని నేనెన్నడు టైప్ చేయించిన?”

ఆమె వేళ్లు ఆగాయి. “అది వదిలెయ్. నేను తర్వాత చూస్త.”

“సేఠ్ ఒక్కటే ఉండాలన్నడు.”

“నువ్వు చాయ్ తాగు, యాదయ్యా.”

తాగమంటే తాగే రకమా నేను? గ్లాసు పక్కన పెట్టి, గల్లీ యాదయ్యను తెచ్చి ఊరి యాదయ్య మీద కాపీ కొట్టాను. రెండింట్లోనూ బయోడేటా అనే ఒకే పేరుతో కాగితం ఉంది. ఆ రోజుల్లో పెట్టె ‘పాతది పోతుంది, పరవాలేదా’ అని అడిగేది కాదు. నాది తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క తప్పు లేదన్నాను చూశారా, ఆ ఒక్కటీ ఇదే.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో లస్మయ్య, నెత్తిమీద ట్రంకు పెట్టె. “యాదిగా! కాగితమేదిరా? ఆడ పిల్ల తండ్రి ఎదురుచూస్తున్నడు!”

తెర మీద మిగిలిన బయోడేటా తెరిచాను. పేరు యాదయ్య. ఎత్తు ఐదడుగుల తొమ్మిది. చెప్పులు వేసుకున్నా నేను ఐదూ ఆరే. అలవాట్లు: చాయ్. గుణం: మంచిది, మాటలెక్కువ. వివరాలకు: రత్నాబాయి, పదకొండో గల్లీ.

“మీ అమ్మ పేరు నా బయోడేటాల ఎందుకున్నది?”

“నీతోని పనిచేసేటోడు ఎసొంటోడని అమ్మ రోజు అడుగుతది. నోటితోని చెప్పనీకె శరమైంది. టైప్ చేసిన. ఇంక ఇయ్యలె.”

“మూడంగుళాలు ఎందుకు పెంచినవ్?”

“అమ్మకు పొడుగు అల్లుడు గావాలె. నేనేం జెయ్యాలె?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. లస్మయ్య వైపు చూసి, మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.

“నీ అసలుది మల్ల కొడ్త. పావుగంటల అయితది. ఊరి పిల్ల కోసమే గద, చెప్పు,” అంది. కీబోర్డు మీద టప్పున ఒక చుక్క పడింది. తడి జడ కదా.

“వద్దు,” అన్నాను. “ఇదే ప్రింట్ తీయి.”

ప్రింటరు గరగరమంటూ ఆమె యాదయ్యను కక్కింది. మడిచి లస్మయ్య జేబులో పెట్టాను.

రెండు వారాలకు నాయన పోస్టుమాస్టరుతో రాయించిన జవాబు వచ్చింది: “బొంబాయిల మూడంగుళాలు పెరిగినవట. నువ్వు అంత పొడుగు కనబడ్డ ఇంటికే పో. లగ్గానికి నేనొస్త.”

రత్నాబాయి నన్ను గుమ్మానికి నిలబెట్టి చూసి, “ఫోటో తీసేటప్పుడు స్టూలెయ్యుర్రి,” అని ఊరుకుంది.

ఇంతా చెప్పి ఒకటి ఒప్పుకోవాలి. ఆ శనివారం వాన లేదు. మే నెల, మాడు పగిలే ఎండ. ప్రేమ కథన్నాక ఓ వాన ఉండాలని నేనే కురిపించాను. కీబోర్డు మీద పడ్డ చుక్క మాత్రం నిజం. అది నా చెమటేనని భూదేవి ఇప్పటికీ వాదిస్తుంది.