చప్పుడు లేని ట్యాపెట్లు

పొద్దున ఏడింటికి ఇంటి ముందు షెడ్డులో కూతురు స్కూలు వ్యాను ఇంజను మూత విప్పుతోంది. నిన్న తండ్రి స్వయంగా వాల్వులు సరిచేసి, "ఇక తిరుగులేదు" అన్న బండి అది. ఎనిమిదికి డ్రైవరు వస్తాడు.

టీ గ్లాసుతో వచ్చిన తండ్రి భగ్గుమన్నాడు.

"ఎవరు విప్పమన్నారు? నా పనికే వంకలు పెట్టేంతదానివయ్యావా?"

"నిన్న స్టార్ట్ చేస్తే వాల్వుల్ని నొక్కే ట్యాపెట్ల చప్పుడే లేదు నాన్నా."

"లేకపోతే మంచిదేగా!"

"కాస్త టిక్కుటిక్కుమనాలి, సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుందని చెవినిల్లు కట్టుకుని పోరిందెవరు?"

"తండ్రీకూతుళ్ళకి ఆ ఇంజనుంటే చాలు, టిఫినెందుకు!" లోపల్నుంచి తల్లి కేకేసింది.

రాత్రంతా ఆగి ఉన్న ఇంజను చల్లగా ఉంది. కూతురు ఇంజను ముందున్న పుల్లీ చక్రం తిప్పి, మొదటి సిలిండరు వాల్వులు రెండూ మూసుకున్నాయని చూసుకుని, సందు కొలిచే గేజ్ రేకు తండ్రి చేతికిచ్చింది.

"నువ్వే చూడు."

రేకు సందులో దూరలేదు. అతను తోశాడు. రేకు వంగిపోయింది. అయినా తోస్తూనే ఉన్నాడు.

"నాన్నా... వంగిపోయింది, తెలియట్లేదా?"

అతను రేకు వంక చూసి స్టూలు మీద కూలబడ్డాడు.

"నెల నుంచీ వేళ్ళు మొద్దుబారిపోయాయమ్మా. రేకు పడుతోందో లేదో తెలియక, చప్పుడు ఆగేదాకా బిగిస్తున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా? అందులో ఎక్కేది పిల్లలు!"

"నీకు పని నేర్పినవాణ్ణి. నీ ముందే చేతకానివాణ్ణవడానికి మనసొప్పలేదు."

ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. ముక్కు ఎగపీల్చి ఇంకో రేకు తీసింది.

"ఇలా చేసినవి ఇంకెన్ని?"

"రెండు బండ్లు."

"వాటినీ ఇవాళే వెనక్కి పిలిపిద్దాం. ముందు పుల్లీ తిప్పు."

అతను తిప్పాడు. ఆమె సందు సరిచేసే స్క్రూ వదులు చేసి, రేకు దూర్చి లాగింది.

"ఎలా ఉంది?"

"పుస్తకంలోంచి కాగితం లాగినట్టు, కాస్త పట్టి వస్తోంది."

"అదీ! స్క్రూ కదలనివ్వకుండా నట్టు బిగించు. బిగించాక మళ్ళీ చూడు, అక్కడే మోసపోతాం."

ఎనిమిది వాల్వులూ అలాగే చూశారు. మూత బిగిస్తుండగా డ్రైవరు వచ్చి స్టార్ట్ చేశాడు. ఇంజను సన్నగా టిక్కుటిక్కుమంది.

"ఏంటి మేస్త్రీ, నిన్న లేని చప్పుడు ఇవాళొచ్చిందేం?"

కూతురు నోరు తెరిచేలోగా తండ్రి అన్నాడు: "నిన్న నేను తప్పు చేశాను. ఇవాళ సరిగ్గా ఉంది. ఇకనుంచి ఇంజను సంగతి నన్నడక్కు. మేస్త్రీ అదిగో, అక్కడుంది."

ఆమె గబగబా తల తిప్పుకుని చేత్తో కళ్ళు తుడుచుకుంది. మొహమంతా గ్రీజయింది. టిఫిను పట్టుకొచ్చిన తల్లి అది చూసి, "ఏమైందే?" అంది.

"మన షెడ్డుకి కొత్త మేస్త్రీ వచ్చింది," అన్నాడు తండ్రి. "ముందు ఆవిడకి పెట్టు."