వేళ్ల వెనక సముద్రం

మధ్యాహ్నం రెండూ ఇరవై. నరేంద్రబాబు బోటు ఇంజన్‌లోకి మోచేతుల దాకా దూరి ఉన్నాడు. మూడు వారాలుగా ఈ పాలెంలో పైకి అతను మెకానిక్. చెవిలో మినపగింజంత ఇయర్‌పీస్ గొణిగింది.

"కొంగా, వినబడుతోందా?" కొంగ అతని కోడ్‌నేమ్. పిలిచింది ఢిల్లీ నుంచి చీఫ్ చంద్రమౌళి.

"చెప్పండి సార్."

"లొకేషన్ దొరికింది. డాక్టర్ సుప్రియ సాధించింది. ఒడ్డుకి ఈశాన్యంగా నలభై కిలోమీటర్లు. హెబ్రోను తన నోటితోనే చెప్పాడట. నేవీ డైవర్లు అటే వెళ్తున్నారు."

నాలుగూ పదికి శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుంది. ఈ సముద్రం అడుగున ఎక్కడో విదేశీ ముఠా ఒక జామర్ దాచింది. సరిగ్గా ఆ క్షణానికి అది పైకి తేలి రాకెట్ సిగ్నల్‌ని మింగేస్తుంది. దారి తప్పిన రాకెట్ కూలేది ఈ ఊళ్ల మీదే.

ముఠా దాన్ని నీళ్లలోకి దించుతుంటే చూసినవాళ్లు ఇద్దరే. జాలరి హెబ్రోను, అతని తమ్ముడు క్రీస్తుదాసు. తమ్ముణ్ణి కాల్చేశారు. హెబ్రోను ఈదుకుంటూ ఒడ్డుకి చేరాడు గానీ, ఆ రోజు సంగతి అడిగితే ఒళ్లంతా వణుకు. సముద్రం వైపు చూడడమే మానేశాడు. అందుకే డిపార్ట్‌మెంట్ సుప్రియని పంపింది. కళ్లని అటూ ఇటూ కదిలిస్తూ, మనసుకి తగిలిన దెబ్బని మాన్పే ఈఎండీఆర్ థెరపీలో ఆమె పేరున్న డాక్టర్.

"సార్, కిలోమీటర్లని హెబ్రోనే అన్నాడా?"

"అవును. ఏం?"

"ఆ నోట కిలోమీటరు రాదు సార్. వీళ్లు లోతుని బారల్లో కొలుస్తారు. చోటుని ఒడ్డు మీద ఏ గుర్తు దేనికి అడ్డొచ్చిందో చూసి చెబుతారు."

స్పానర్ ఇసకలో పడేసి పరిగెత్తాడు.

హెబ్రోనుకి థెరపీ జరిగే తుఫాను షెల్టర్ మెట్ల మీద అతని అక్క పరంజ్యోతి క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"లోపలికి పోగూడదంట మెకానిక్కూ! నా తమ్ముడికి నేను కూడు పెట్టేదానికి ఆ డాక్టరమ్మ పర్మిషనంట!"

"నాతో రా అక్కా."

లోపల, సముద్రపు గాలికి కూడా చెదరని జుట్టు, కనకాంబరం రంగు చీర. సుప్రియ నవ్వితే ఢిల్లీలో ఫైళ్లు వాటంతటవే కదిలేవి. ఇప్పుడామె చేతిలో వెండి పెన్ను హెబ్రోను కళ్ల ముందు అటూ ఇటూ కదులుతోంది. ఆపమని హెబ్రోను చెయ్యెత్తాడు. ఆమె ఆపలేదు.

"పెద్ద అల వచ్చింది. బోటు తిరగబడింది. నువ్వు భయపడి తమ్ముణ్ణి వదిలేసి వచ్చావు. అంతే కదా?"

"అంతే..." హెబ్రోను ఏడుస్తున్నాడు.

"మేడం," అన్నాడు నరేంద్రబాబు. "బాంబు పేలుడు నుంచి బయటపడ్డాక నేనూ పన్నెండు సెషన్లు కూర్చున్నాను. నాకేం గుర్తుండాలో మా డాక్టర్ ఒక్కసారి కూడా చెప్పలేదు. చెయ్యెత్తితే ఆపేసేవాడు. మీరు చేసేది వైద్యం కాదు, అబద్ధం ఎక్కించడం."

"మెకానిక్‌కి చాలా తెలుసే!" సుప్రియ నవ్వింది. పెన్ను క్లిక్‌మంది. మొనలోంచి సూది బయటికొచ్చి హెబ్రోను మెడ దగ్గర ఆగింది. "కదిలితే నీ సాక్షి పోతాడు. నాలుగూ పది దాకా బుద్ధిగా కూర్చుందాం."

నరేంద్రబాబు ఆగిపోయాడు. పరంజ్యోతి ఆగలేదు.

"చచ్చేవాడికైనా కూడు పెట్టనియ్యి తల్లీ." అమాయకంగా నడిచి దగ్గరకెళ్లింది. సుప్రియ ఆమెని లెక్కలోకే తీసుకోలేదు. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ గిర్రున తిరిగి ఆ మణికట్టు మీద పడింది. పెన్ను ఎగిరిపోయింది.

"తోడబుట్టినోణ్ణి వదిలేసి వస్తాడా నా తమ్ముడు? నువ్వు చూసినావా ఏందే!"

నరేంద్రబాబు సుప్రియ చేతులకి బేడీలు వేసి కిటికీ ఊచకి బిగించాడు. టైం మూడూ ఐదు. చెవిలో చీఫ్ అన్నాడు, "డైవర్లు వెనక్కి రావాలంటే గంటన్నర..."

హెబ్రోను కళ్లు తుడుచుకున్నాడు. "అన్నా, నువ్వాడించు వేళ్లు."

"నేను డాక్టర్ని కాదు హెబ్రోను."

"ఆమె డాక్టరే గదా. ఏం చేసినాది?"

నరేంద్రబాబు అతని ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "చెయ్యెత్తితే ఆపేస్తా. ఎప్పుడైనా సరే."

గ్రీజు అంటిన రెండు వేళ్లు కదిలాయి. ఎడమ. కుడి. ఎడమ. హెబ్రోను దవడలు బిగుసుకున్నాయి.

"ఏమొచ్చింది?"

"చర్చి శిలువ... ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం మీదికి వచ్చినాది."

"దాంతోనే పో."

"సెల్ టవరు... షెల్టరు వెనక దాక్కోనుండాది. ఎనిమిది బారల నీళ్లు." చెయ్యి లేచింది. వేళ్లు ఠక్కున ఆగాయి. కాసేపటికి హెబ్రోను తనే చెయ్యి దించి, కానిమ్మన్నట్టు తలాడించాడు. ఎడమ. కుడి.

"తమ్ముడు దూకన్నా అన్నాడు. నేను కదల్లేదు. వాడే నన్ను నెట్టేసినాడు." పరంజ్యోతి వైపు తిరిగాడు. "నేను వదల్లేదక్కా. వాడే నెట్టినాడు."

పరంజ్యోతి నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

హెబ్రోను లేచాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు. "బోటు తియ్యన్నా. ఆ గుర్తులు నీకు కనపడవు."

రాకెట్ రోజు కావడంతో సముద్రంలో మరో బోటు లేదు. హెబ్రోను చుక్కాని పట్టాడు. మూడూ యాభై ఎనిమిదికి ఇంజన్ ఆపాడు. ఒడ్డున శిలువ పొగగొట్టం మీదికెక్కింది. టవరు మాయమైంది.

"ఈడనే."

లంగరు వేసి ఈడ్చారు. ఇసక తప్ప ఏమీ తగల్లేదు. మళ్లీ ఈడ్చారు. నాలుగూ ఏడుకి తాడు బిగుసుకుంది. ఇద్దరూ కలిసి లాగితే నల్లటి డ్రమ్ము ఒకటి నీళ్లలోంచి లేచింది. దాని మూత అప్పటికే తెరుచుకుంటోంది. లోపల ఎర్ర దీపం, పైకి జరుగుతున్న యాంటెన్నా.

"పది సెకన్లు!" చెవిలో చీఫ్ అరుస్తున్నాడు.

కటింగ్ ప్లేయర్ గ్రీజు చేతుల్లో జారింది. హెబ్రోను అందుకుని చేతిలో పెట్టాడు. యాంటెన్నా కేబుల్ కస్సున తెగింది. ఎర్ర దీపం ఆరింది.

దక్షిణాన ఆకాశం భగ్గుమంది. రాకెట్ గీత గీసినట్టు నిటారుగా లేచింది. కాసేపటికి దాని ఉరుము నీళ్ల మీదుగా వచ్చి బోటుని ఊపింది. చీఫ్ ఏదో ఇంగ్లీషులో మెచ్చుకుంటున్నాడు. నరేంద్రబాబు వినడంలేదు. హెబ్రోను వైపు చూస్తున్నాడు.

హెబ్రోను ఆకాశం వైపు తలెత్తనే లేదు. కిందికి, నీళ్లలోకి చూస్తున్నాడు.

"ఈ మోతకి చేపలన్నీ పారిపోయుంటాయి," అని విసుక్కున్నాడు. "రేపు మీ రాకెట్టోళ్లని సెలవు పెట్టుకోమని చెప్పన్నా. నేను వలేసుకోవాల."