ఆదివారం ఉతికిన ఫిల్టర్లు

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో ఉతుకుడు మొదలైందంటే ఎండ నెత్తికెక్కేదాకా ఆగదు. మురికి కంటబడితే ఆ ఇల్లాలికి చెయ్యి ఊరుకోదు మరి. దుప్పట్లయ్యాయి, చొక్కాలయ్యాయి, గడప దగ్గరి పట్టా కూడా అయింది. ఆఖర్న చిన్న గిన్నెలో సబ్బునీళ్లు కలిపి మొగుడి మాస్కు ఫిల్టర్లు ముంచింది. గుండ్రంగా, అరచేతంత ఉంటాయవి. ఆయనది రాళ్లు కోసే పని. వంటగట్టు మీద పరిచే పలకల్ని మిషను కింద పెట్టి కోస్తుంటే పిండికన్నా మెత్తటి పొడి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో దూరకుండా రబ్బరు మాస్కుకి అటొకటి, ఇటొకటి ఈ ఫిల్టర్లు బిగించుకోవాలి. ఆమె వాటిని నొక్కి నొక్కి పిండి, మేజోళ్ల పక్కన తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది. నాలుగేళ్లుగా ఇదే వరస.

ఆ రోజు మాత్రం ఉతకబోయే ఇంకో చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఒకటి తగిలింది. ఆమెకి చదువు అంతంతమాత్రమే. అయినా ఒక అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటే మంచిదో చెడ్డదో ఎవరు చెప్పాలి? తడిచేతుల్తోనే తెచ్చి కూతురి ముందు పెట్టింది.

చిట్టి అని ముద్దుపేరు ఆ పిల్లకి. ఫ్యాక్టరీల వాళ్లకి టోపీలు, చేతి తొడుగులు, మాస్కులు అమ్మే కొట్లో ఆరు నెలలుగా ఉద్యోగం. కాగితం చదువుతుంటే దాని కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"నాన్నా, ఇది ఊపిరి పరీక్ష. పోయినేటికంటే బాగా తగ్గింది. వెంటనే డాక్టరుకి చూపించమన్నారు. ఎప్పుడిచ్చారు నీకిది?"

ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. బుధవారం ఇచ్చారన్నాడు. చెబితే తల్లీకూతుళ్లిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తారని జేబులో దాచానన్నాడు. అంతేగా, పరుగెత్తుకుపోవాల్సినంత కొంపలేమీ మునగలేదన్నాడు. ఆ మాటల మధ్యే రెండుసార్లు ఆగి గాలి పీల్చుకున్నాడు.

"మాస్కు పెట్టుకోవట్లేదు కదూ?"

"పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేదాకా మొహం మీదే ఉంటుందే."

"మా కొట్టుకొచ్చేవాళ్లందరూ ఇదే పాట. మెడలో గొలుసులా వేలాడేసుకుని తిరుగుతారు, అడిగితే పెట్టుకున్నామంటారు."

ఆయన చేతిలో కత్తి ఆగింది. సబ్బు నురగ తుడుచుకుని కూతురి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ముక్కు మీద రబ్బరు ఒరిసిన ఎర్రటి గాడి.

"ఇది మెడలో వేసుకుంటే పడ్డదా? గడ్డం అడ్డొస్తే మాస్కు అంటుకోదన్నారని రోజూ గీసుకుంటున్నా. మీ నాన్న అబద్ధాలకోరని కూడా ఆ కాగితంలో రాశారా, చదువు."

ఇల్లంతా బిగుసుకుపోయింది. ఇల్లాలు ఒకచోట నిలబడలేక వంటింట్లోకి వెళ్లింది, ఉత్తచేతుల్తో తిరిగొచ్చింది, మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. కాఫీ తాగి మాట్లాడుకోండర్రా అంది. ఎవరూ వినలేదు.

చిట్టి మాత్రం తగ్గే రకం కాదు. తండ్రి చేత లోపల్నుంచి మాస్కు తెప్పించింది. పట్టీలు లాగి చూసింది, రబ్బరుని వేలితో తడిమింది, తండ్రి మొహానికి పెట్టి అంచుల చుట్టూ నొక్కి చూసింది. ఎక్కడా సందు లేదు. కొట్టుకొచ్చిన కొనుగోలుదారుని అడిగినట్టే అడిగింది, ఫిల్టర్లేవని.

"తీగ మీదున్నాయి. ఇప్పుడే ఉతికాను" అంది తల్లి. ఇంతసేపట్లో తనకి తెలిసిన సంగతి ఒకటి వచ్చినందుకు గొంతులో కాస్త ఉత్సాహం కూడా.

చిట్టి మొహంలో రంగు పోయింది. తండ్రి అది గమనించలేదు, పెళ్లాం వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "మీ అమ్మ చేతి చలవే. కొత్తవి బిగిస్తే గాలి లాగడం కొంచెం బరువుగా ఉంటుంది. ఈవిడ ఉతికినవైతే మొహానికి ఏమీ పెట్టుకోనట్టే. షెడ్డులో మావాళ్లు ముగ్గురు వాళ్లవి కూడా ఉతకమని పంపిస్తున్నారు."

"ఏమీ పెట్టుకోనట్టు కాదు నాన్నా" అంది చిట్టి మెల్లగా. "ఏమీ పెట్టుకోలేదు నువ్వు. నాలుగేళ్లూ."

ఆపైన అది చెబుతూ పోయింది. రబ్బరు కడగొచ్చు, ఫిల్టరు కడగకూడదు. నీళ్లు, సబ్బు తగిలితే పొడిని పట్టి ఉంచే గుణం పోతుంది. పిండితే లోపలి పోగులు విడిపోతాయి. పైకి తెల్లగా మెరుస్తుంది, పొడి తిన్నగా లోపలికి పోతుంది. కొత్తదానికి గాలి లాగడం కొంచెం బరువుగానే ఉంటుంది, పొడి నిండి మరీ బరువైతే మార్చెయ్యాలి. "రెణ్ణెల్లకోసారి కొత్తవి ఇవ్వట్లేదా నీకు?"

ఇల్లాలు వెళ్లి బీరువా తెరిచింది. కట్టుకోని బట్టలు, వాడని తువాళ్లు, వాటి కింద ఒక డబ్బా. మూత తీస్తే సీలు కూడా విప్పని పాకెట్లు పైదాకా. ఆయన తెచ్చిచ్చినప్పుడల్లా మంచివని దాచింది. ఒక్కో పాకెట్టు మీదా కుళాయి బొమ్మ, దాని మీద ఎర్రగా అడ్డగీత. ఆ బొమ్మ ఆమె చూడకపోలేదు. తడి తగలనివ్వకూడదు కాబోలనుకుని, నీటిచుక్క పడనిచోట పదిలంగా పెట్టింది.

తండ్రి ఒక పాకెట్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ డబ్బాలోనే పెట్టాడు.

అప్పుడామెకి తువాలు గుర్తొచ్చింది. రోజూ పని నుంచి రాగానే ఆయన మొహం తుడుచుకుని ఇచ్చే తువాలు. ముక్కు కింద తుడిచినచోట బూడిదరంగు మరక. మాస్కు లోపలికి పొడి పోకపోతే ముక్కు కింద మరకెలా వస్తుంది? ప్రతి సాయంత్రం ఆ మరక చూసింది. చూసిన ప్రతిసారీ సబ్బు పెట్టి రుద్ది పోగొట్టింది.

"పిల్లనేమీ అనకండి" అంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనకపోయినా. "ఆయన్నీ అనకు చిట్టీ. అబద్ధం చెప్పలేదు ఆయన. పోగొట్టింది నేను. నా చేతుల్తో రుద్ది రుద్ది పోగొట్టాను." మంచం అంచున కూలబడి, సబ్బునీళ్లకి ముడతలు పడ్డ వేళ్లు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఏడ్చింది.

ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు ఉతికావు. నేను బాగుందని మళ్లీ మళ్లీ ఉతికించుకున్నాను. ఒక్కడినైనా అడిగానా?" అన్నాడు.

చిట్టి తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుంది. కొట్లో రోజుకి పదిమందికి కడగొద్దని చెబుతాను, మా ఇంటి తీగ వైపు ఒక్కసారి తలెత్తి చూడలేదు అంది. నిన్ను నమ్మనందుకు నన్ను కొట్టు నాన్నా అంది. ఆయన దాని నెత్తిన చెయ్యి వేశాడు, కొట్టినట్టే వేసి అలాగే ఉంచాడు.

సోమవారం డాక్టరు, పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు అన్నాడు. కొన్నాళ్లు మిషను దగ్గరికి వెళ్లొద్దు, వెళ్లాక పొడి లేవకుండా నీళ్లు పోస్తూ కొయ్యాలి అన్నాడు. అక్కణ్నుంచి ఇల్లాలు తిన్నగా ఇంటికి రాలేదు. వెంట తెచ్చుకున్న డబ్బా చంకన పెట్టుకుని, తను ఏనాడూ గడప తొక్కని ఆయన కోతషెడ్డుకి వెళ్లింది. తనతో ఉతికించుకున్న ముగ్గురినీ పిలిచి తలా ఒక పాకెట్టు చేతిలో పెట్టింది. "నేను ఉతికినవి పారెయ్యండి నాయనా. తెలీక చేశాను. మీరూ పరీక్ష చేయించుకోండి" అంది. వాళ్లు ఏమంటారోనని భయమున్నా కదల్లేదు. పాతవి చెత్తబుట్టలో పడేదాకా నిలబడింది.

ఆరువారాలకి ఆయన మళ్లీ పనికెళ్లాడు. ఆ సాయంత్రం ఆమె వాకిట్లోకీ ఇంట్లోకీ ఎన్నిసార్లు తిరిగిందో. ఆయన వచ్చి మొహం తుడుచుకున్నాడో లేదో తువాలు లాక్కుని వెలుతురులోకి పరుగెత్తింది. నుదుటి మీద తుడిచినచోట పొడి ఉంది. ముక్కు కింద తుడిచినచోట తెల్లగా ఉంది. తిరగేసి చూసింది. మళ్లీ చూసింది.

"అమ్మా, ఇంకా ఉతకలేదా దాన్ని?" అంది చిట్టి లోపల్నుంచి.

"రేపు ఉతుకుతానే. ఇవాళ్టికి ఇలా చూసుకోనీ."