ముప్పై ఒకటో నమూనా

తిరుపాలుకు ఈ లోకంలో ఒక్కడి మీదే కడుపుమంట. వాడు యోగానందం, స్వయానా తోడల్లుడు. అత్తగారింటికి పెద్దల్లుడు తిరుపాలు, చిన్నల్లుడు యోగానందం. అయినా ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో మొదటి విస్తరి చిన్నల్లుడికే పడుతోంది. మామగారి ఆస్పత్రి విషయమైనా, బావమరిది పెళ్లి సంబంధమైనా "యోగానందాన్ని ఒక మాట అడగండి" అనేవాళ్లే గాని, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దల్లుడి వైపు తల తిప్పినవాళ్లు లేరు. తిరుపాలు ఏడో తరగతితో బడి మానేసినవాడు. యోగానందానికి మార్కాపురంలో సౌరపలకల దుకాణాలు రెండు.

ఆ యోగానందం 2081 ఎండాకాలంలో పెళ్లాన్ని తీసుకొని టాంజానియా సఫారీకి పోయి వచ్చాడు.

ఆ రోజుల్లో అడవి జంతువును అడవిలోనే చూడటం చిన్న సంగతి కాదు. చంద్రుడి మీదికి పోయి వచ్చినవాళ్లు మార్కాపురంలో పది మంది దాకా ఉన్నారు. నల్ల ఖడ్గమృగాన్ని ఎదురుగా చూసినవాళ్లు మాత్రం అప్పటిదాకా జిల్లా మొత్తానికి ఒక్కరు లేరు. టాంజానియాలో అవి మిగిలిన బిలం లాంటి లోయలోకి ఏడాదికి మూడు వందల మందినే పంపుతారు. టిక్కెట్టు ధర వింటే చాలామందికి చంద్రుడే చవకనిపిస్తాడు.

"ఏం చెప్పమంటావన్నా! కళ్ల ముందర నడిచిపోయింది. తల్లి ముందు, దూడ వెనక" అన్నాడు యోగానందం, అత్తగారింట్లో అందరూ చుట్టూ చేరి వింటుండగా. "నోటితో చెప్తే తెలిసేది కాదులే. ఒంగోలు కేంద్రంలో నా జ్ఞాపకం పెట్టినా. ముప్పై ఒకటో నమూనా. పోయి రుచి చూడు. రుచి చూసేదానికి పెద్ద ఖర్చేం కాదు."

అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. తిరుపాలు సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. వారం తిరక్కుండా ఒంగోలు బస్సెక్కాడు.

జ్ఞాపకం పెట్టడమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఒకప్పుడు ఏ సఫారీ కంపెనీ మంచిదో తెలుసుకోవాలంటే పోయి వచ్చినవాళ్లు రాసిన మాటలు చదివేవారు. తర్వాత ఆ మాటలు రాయడం యంత్రాలు నేర్చుకున్నాయి. జీపు కూడా లేని కంపెనీకి లక్ష పొగడ్తలు. డబ్బు కట్టి దేశంకాని దేశంలో దిగి, విమానాశ్రయంలోనే ఏడ్చినవాళ్లు ఎందరో. అప్పుడు వచ్చింది స్మృతిదర్శిని. యాత్రికుడు తిరిగి వచ్చిన వారంలోపు నుదుటికి పట్టీ కట్టి, రెండు నిమిషాల నాడీముద్రను, అంటే న్యూరల్ ట్రేసును, మెదడులోంచి దించుకుంటారు. అందులో మూడు పొరలుంటాయి. చూపు పొర, భావం పొర, ఆలోచన పొర. మొదటి రెండూ ఎవరికైనా చూపిస్తారు. మూడోది మనిషి సొంతం కాబట్టి చట్టం దానికి సీలు వేసింది. భావం పొరలోని ఆనందాన్ని యంత్రం నూటికి ఇంత అని కొలుస్తుంది. అబద్ధం రాయవచ్చు, పలకవచ్చు. లేని ఆనందాన్ని మెదడులో పుట్టించడం ఎవరి తరం?

కేంద్రంలో ఉన్న శాస్త్రవేత్త డాక్టర్ అనూహ్య చిన్న వయసుదే గాని ఓపిక గలది. తిరుపాలుకు నాలుగు కంపెనీలను వరసగా రుచి చూపించింది. మొదటి దాంట్లో యాత్రికులకు ఆనందమంతా భోజనాల దగ్గరే ఉంది. రెండో దాంట్లో సింహం బాగానే కనిపించింది గాని డ్రైవరు తూగుతున్నాడన్న భయం ఒళ్లంతా పాకింది. మూడో దాంట్లో చుట్టూ నలభై జీపులు, మధ్యలో బిత్తరపోయిన చిరుతపులి. నాలుగోది ఎర్రమన్ను సఫారీస్.

"దీంట్లో ముప్పై ఒకటి పెట్టమ్మా" అన్నాడు.

కళ్లు మూసుకోగానే పొద్దుటి పొగమంచు. మంచులోంచి నల్లటి బండ కదిలినట్టు తల్లి వచ్చింది. వెనక దూడ. ఆ క్షణంలో రొమ్ములో ఏదో విచ్చుకుంది. పొంగింది. ఒళ్లు గాలిలో తేలింది. పుట్టి బుద్ధెరిగాక తిరుపాలు అంతటి సంతోషం ఎరగడు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"తొంభై నాలుగు" అంది అనూహ్య. "ఈ కేంద్రంలో ఇదే ఎక్కువ."

"ఇంకొకసారి పెట్టు."

మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఇంత సంతోషం ఆ యోగానందం గాడు ఒక్కడే మింగి కూర్చున్నాడా? ఈడ తాను ఎంగిలి రుచి చూసుకుంటా బతకాలా? బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఇదే. ఇంటికి రాగానే భార్య సుగుణతో పొలం అమ్మేస్తున్నానన్నాడు.

"దేనికి?"

"ఖడ్గమృగం చూసేదానికి."

సుగుణ "నన్ను కూడా తీసుకపోతావా, ఒక్కడివే పోతావా?" అని మాత్రం అడిగింది.

అదే కంపెనీ, అదే జీపు, యోగానందం కూర్చున్న అదే ముందు సీటు. అన్నీ అడిగి మరీ రాయించుకున్నాడు తిరుపాలు. వెనక సీటు సుగుణకు. దారిచూపరి జుమా కూడా యోగానందాన్ని తిప్పినవాడే. మూడో రోజు పొద్దున జుమా ఇంజను ఆపి వేలు చూపించాడు. చెవిలోని అనువాద యంత్రం గుసగుసగా చెప్పింది: "కదలకండి. ఇది ఇంకో తల్లి. దూడ పుట్టి పదకొండు రోజులే."

మంచులోంచి తల్లి వచ్చింది. దూడ వచ్చింది. జీపుకు పది గజాల దూరంలో నిలబడి, దూడ పాలు తాగాక నింపాదిగా వెళ్లిపోయాయి.

తిరుపాలు రొమ్ములో ఏమీ విచ్చుకోలేదు.

ఒంగోలుకు తిరిగి వచ్చి పట్టీ కట్టించుకుంటే యంత్రం పదకొండు చూపించింది. తిరుపాలు బల్ల మీద గుద్దాడు. నమూనాకూ దక్కినదానికీ సగానికి మించి తేడా వస్తే కంపెనీ మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలి, ఆ కంపెనీ పేరు పట్టికలోంచి కొట్టేయాలి. అది చట్టం.

"మోసం చేసినారు. వాడికేదో కలిపి పెట్టినారు, నాకు పెట్టలా" అన్నాడు.

"కంపెనీ పేరు కొట్టేయాలంటే ఆలోచన పొర కూడా తెరిచి చూడాలండీ" అంది అనూహ్య. "ఆ జ్ఞాపకం ఎవరిదో వాళ్లు ఒప్పుకుంటేనే."

ఫోనులో యోగానందం గొంతు ఖంగున మోగింది. "తెరవండి మేడం, నాకేం దాపరికం? అన్న పాపం చానా ఖర్చు పెట్టుకున్నాడంట. చూసుకోనీండి."

పట్టీ మళ్లీ నుదుటి మీదికి వచ్చింది. మంచు, తల్లి, దూడ. రొమ్ములో ఆ పొంగు. ఈసారి పొంగుతోపాటు ఒక మాట కూడా వినిపించింది, తన తలలోనే, తన సొంత ఆలోచనలాగే: *తిరుపాలన్న జన్మలో ఇది చూడలేడు. చెప్పినప్పుడు వాడి మొఖం చూడాల.*

తిరుపాలు పట్టీ పీకేశాడు. తెర మీద ఆ మాటలే అచ్చై కనబడుతున్నాయి. అనూహ్య తల దించుకుంది.

మూడుసార్లు అడిగి అడిగి చప్పరించింది దీన్నా? కళ్లనీళ్లు పెట్టుకుంది దీనికా? తన ముఖం మాడిపోతుందని వాడు పడిన సంతోషాన్ని తన సంతోషమనుకొని పొలం అమ్మాడు.

"అయితే ఆ జంతువులో ఏమీ లేదు గదా! ఉత్తదే గదా!" అని అరిచాడు. "అట్టయినా కంపెనీది తప్పే!"

"మీ ఆలోచన పొర కూడా చూడాలి" అంది అనూహ్య మెల్లగా. తెర మీద తిరుపాలు మాటలు వచ్చాయి: *యోగానందానికి ఇంకా దగ్గరగా వచ్చిందేమో. వాడికి ఎక్కువసేపు నిలబడిందేమో.* రెండు నిమిషాలూ అదే. దూడ పాలు తాగుతుంటే కూడా అదే.

అప్పటిదాకా గోడవార కూర్చున్న సుగుణను పిలిచి పట్టీ కట్టింది అనూహ్య. యంత్రం తొంభై ఏడు దగ్గర ఆగింది. ఆలోచన పొర తెరిచారు. తెల్లగా, ఖాళీగా ఉంది.

"యంత్రం చెడిపోయింది" అన్నాడు తిరుపాలు.

"చెడిపోలేదండీ" అంది అనూహ్య. సుగుణ వైపు తిరిగి "ఏమీ అనుకోలేదా అమ్మా మీరు?" అని అడిగింది.

సుగుణ సిగ్గుపడింది. "ఏమనుకుంటాం తల్లీ? దూడను చూస్తా కూసున్నా. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి దానికి."

యంత్రం తీర్పు చదివింది. ఎర్రమన్ను సఫారీస్ నమ్మదగిన కంపెనీ. చూపించవలసినదంతా చూపించింది. ఫిర్యాదు కొట్టివేయడమైనది.

అనూహ్య చివరి కాగితం ముందుకు జరిపింది. కొట్టేసిన ఫిర్యాదుకైనా ఒక గడి నింపక తప్పదు.

"నష్టం ఎంతని రాయమంటారు?"

తిరుపాలు కాగితం వైపు చూశాడు. కలం తీసుకొని, మళ్లీ ఆమె వైపే జరిపాడు.

"నువ్వే రాయమ్మా. తర్లుపాడు దారిలో, సర్వే నంబరు రెండు వందల పద్నాలుగులో రెండో ముక్క. నల్లరేగడి. బోరుతో సహా ఎకరం డెబ్బై రెండు సెంట్లు."